రైలు పట్టా మోగితే మొదలయ్యే బడి

పాతపట్నం దాటిన కొద్దిసేపటికే పర్లాకిమిడి వచ్చేసింది. రాష్ట్రం మారిందని స్టేషను బోర్డు మీది ఒడియా అక్షరాలు చెప్పాలే తప్ప, బయట ఆటోవాళ్ళ మాటలో తేడా ఏమీ లేదు. "కాశీనగర్ రోడ్డేనా బావూ? ఎక్కండి" అన్నాడొకాయన.

మా మేనత్త ఊరు ఆ దారిలోనే ఉంది. ఆవిడ చదివిన పాత బడిని ఇప్పుడు పాటలకీ ఆటలకీ బొమ్మలకీ ఇచ్చేశారని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిందో! చూడకుండా ఉండలేకపోయాను.

అత్త గేటు దగ్గరే నిలబడి ఉంది. మంచినీళ్ళు తాగనిచ్చి, కాఫీ కూడా పెట్టకుండా బయల్దేరదీసింది. "కాఫీకేటి అల్లుడూ, ఎప్పుడైనా తాగొచ్చు. ఎండెక్కితే గోడలు సరిగా అగుపించవు" అంది.

పొడుగాటి వరండా, నాలుగు గదులు, మంగళూరు పెంకుల కప్పు. గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో కట్టిన బడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్నంతో పాటు జమీందారీలో కొంత భాగం అటు కలిసింది. అందుకు పట్టుబట్టినవారు ఇక్కడి రాజావారు కృష్ణచంద్ర గజపతే. బడి ఉన్నచోటే ఉంది, రాష్ట్రం మారింది. అత్త చదివే నాటికి ఒక గదిలో తెలుగు, పక్క గదిలో ఒడియా చెప్పేవారట. తెలుగు చెప్పే అయ్యవారు రిటైరయ్యాక ఇంకొకరు రాలేదు. కొన్నాళ్ళకు రోడ్డు పక్కన కొత్త బడి కట్టడంతో దీనికి తాళం పడింది. వరండాలో మేకల్ని కట్టేసేవారట. ఆ మాట చెప్పేటప్పుడు అత్త గొంతు మారింది.

ఊరివాళ్ళు దీన్ని బాగుచేసిన తీరు నాకు చాలా నచ్చింది. ముందు తొందరపడి ఒక గోడకు సిమెంటు పూశారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ గోడ ఉబ్బి పెచ్చులూడింది. పాత గోడ గానుగ సున్నంతో కట్టినది. నేల నుంచి పీల్చుకున్న తేమను అది మెల్లగా బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమకు దారి ఉండదు, లోపలే నిలిచి గోడను తినేస్తుంది. ఈ సంగతి చెప్పింది ఇంజినీరు కాదు, ఊళ్ళోనే ఉన్న ముసలి తాపీమేస్త్రి. సిమెంటంతా చెక్కించి, సున్నాన్ని నీళ్ళలో నానబెట్టి, ఇసుక కలిపి నూరించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి మళ్ళీ పూయించాడట. గోడ మీద చెయ్యి వేశాను. వేసవిలోనూ చల్లగా ఉంది.

రెండు గదుల మధ్య ఉన్న పల్చటి అడ్డుగోడ తీసేసి హాలు చేశారు. తప్పెటగుళ్ళు ఆడాలంటే చోటు కావాలి కదా. రొమ్ముకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో అంతమంది ఒక్కసారి ఎగిరితే నాకు గుండె దడదడలాడింది, పెంకులు కదిలిపోతాయేమోనని టెన్షన్ కూడా వచ్చింది. వాళ్ళకేం పట్టలేదు.

పక్క గదిలో కొండ మీది నుంచి వచ్చిన ఇద్దరు సవర ఆడవాళ్ళు గోడ మీద ఇడితాల్ వేస్తున్నారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపు, చేతిలో వెదురుపుల్ల. ముందు అంచు గీసుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. మనుషులు, ఏనుగులు, నెమళ్ళు, చెట్లు అన్నీ సన్న గీతలే. ఇళ్ళలో దేవతలకీ పితరులకీ వేసే బొమ్మ అది. అందుకే ఇక్కడ వేసేముందు వాళ్ళ పెద్దల్ని అడిగి వచ్చామన్నారు. అడిగినందుకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

వాళ్ళ సవర మాట వింటుంటే గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరి, సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. పిల్లవాడికి ఇంట్లో మాట్లాడే మాటలోనే చదువు చెప్పాలన్న పట్టుదల ఆయనకు ఈ గడ్డ మీదే కలిగింది. ఇక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో ఆయన నడిచి ఉంటారేమో అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

హాల్లో ఓ మూల పదకొండేళ్ళ పిల్ల నోటుబుక్కు చూసి తెలుగు పాట పాడుతోంది. వంగి చూశాను. పాట తెలుగే, అక్షరాలన్నీ ఒడియా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చుకున్నది ఒడియా లిపి. వినసొంపుగా పాడుతోంది, ఒక్క ముక్క తప్పు లేదు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

తెలుగు తరగతి గది గోడ మీద, తలుపు పక్కన, పాత నీలిరంగు అక్షరమాల ఇంకా ఉంది. సున్నం కొట్టేటప్పుడు దాన్ని కదపొద్దని అత్తే అడ్డుపడిందట. ౠ, ఌ, ౡ కూడా ఉన్నాయి. ఒక మూల చెమ్మకు కొట్టుకుపోయింది, మిగతాదంతా చదవొచ్చు.

వరండాలో జానెడు రైలు పట్టా ముక్క వేలాడుతోంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రెండున్నర అడుగుల బుల్లి రైలుదట. బడికి గంట అదే, ఇప్పుడు సాధన మొదలయ్యేందుకూ అదే. సాయంత్రం అత్త దాన్ని ఇనపకడ్డీతో మూడుసార్లు కొట్టింది.

అందరూ హాల్లోకి వెళ్ళారు. ఆ పిల్ల మాత్రం అక్షరమాల ముందు ఆగి, "తాతమ్మా, నా పేరులో మొదటిది ఏదీ?" అంది. అత్త ఆ పిల్ల వేలు పట్టుకుని 'ల' మీద పెట్టింది. పిల్ల ఆ వంపును వేలితో దిద్దుతూ అక్కడే ఉండిపోయింది. లోపల తప్పెట్లు మొదలైనా కదల్లేదు.