నల్గొండ నుంచి అండమాన్‌కి: స్నార్కెలింగ్‌కి చోటు ఎలా వెతుక్కున్నాం

అండమాన్ వెళ్దామని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాక అసలు గొడవ మొదలైంది, సముద్రంలో ఎక్కడ దిగాలని. మా ఊరి ట్రావెల్స్ అతను ఇచ్చిన ప్యాకేజీ కాగితంలో నార్త్ బే, ఎలిఫెంట్ బీచ్, భరత్‌పూర్ మూడు బీచులకీ స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కింద పగడాలు, చేపలు చూడటం) అని టిక్కులు పెట్టి ఉన్నాయి. ఏ టైముకి తీసుకెళ్తారు, అప్పుడు నీళ్లెలా ఉంటాయి అని అడిగితే "అదంతా అక్కడోళ్లు చూస్కుంటరు సార్" అన్నాడు. సరేలే అని విమానం టికెట్లు, హోటళ్లు అతని దగ్గరే తీసుకుని, నీళ్ల సంగతి మేమే చూసుకుంటామని చెప్పేశాను.

మేం నలుగురం. నాకు ఈత ఓ మాదిరిగా వచ్చు, పాప పూల్‌లో నేర్చుకుంది, మా ఆవిడకి అస్సలు రాదు, పైగా నీళ్లంటే భయం. ఇక మా బామ్మర్ది దేవరకొండ వైపు వ్యవసాయ బావిలో ఈత నేర్చినవాడు. "బాయిల ఈదినోనికి సముద్రమెంత బావా" అని వాడి ధీమా. బావిలో నీళ్లు కదలవు కదా. సాగర్ ఎడమ కాల్వ నిండుగా పారేటప్పుడు దిగినవాళ్లకి తెలుస్తుంది, నీళ్లు మనిషిని ఎట్లా లాక్కుపోతాయో. సముద్రంలోనూ అట్లాంటి లాగుడే ఉంటుంది, కాకపోతే పైనుంచి చూస్తే కనపడదు. అందుకే చోటు మా ఆవిడకి సరిపోయేలా వెతకాలి, వాడికి సరిపోయేలా కాదు అని ముందే తేల్చేశాను. వాడు కాస్త అలిగాడు.

పెద్ద పేరున్న చోట్లలో కొన్నిటిని ఇంట్లో కూర్చునే కొట్టేశాం. హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ (ఈ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు) చూడటానికి అద్భుతం, కానీ అక్కడ ఉన్నది ఇసుక, మనం చూడాలనుకునే పగడపు దిబ్బలు కావు. పైగా 2010లో ఆ పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపేసింది. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, అండమాన్‌లో మొసళ్లున్నాయి, హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగకూడదు, అంతే. నార్త్ బే అంటే పాత ఇరవై రూపాయల నోటు వెనక లైట్‌హౌస్‌తో కనిపించే తీరం. పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) దగ్గర కాబట్టి పడవలు, నీటి స్కూటర్లు, జనం. మాకొద్దనిపించింది.

జాలీ బాయ్ మాత్రం వదులుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. వండూరు దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉండే చిన్న దీవి ఇది. అటవీ శాఖ పర్మిట్ తీసుకుని పొద్దున్నే వండూరు నుంచి పడవలో వెళ్లాలి, పారేసే ప్లాస్టిక్ ఏదీ పట్టుకెళ్లనివ్వరు, పగడాలు కోలుకోవాలని ఏడాదిలో కొన్ని నెలలు దీన్ని మూసి పక్కనున్న రెడ్ స్కిన్ దీవిని తెరుస్తారు. ఇంత కట్టుదిట్టంగా ఉంటే నీళ్లు శుభ్రంగా ఉండక ఏం చేస్తాయి! కానీ మాకు ఆ వైపు ఖాళీ దొరికింది సోమవారం, ఆ రోజు పార్కుకి సెలవు. టికెట్లు కొనకముందే ఈ ఒక్క విషయం చూసుకోండి.

ఇక మిగిలింది హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్, నీల్ దీవిలో భరత్‌పూర్. ఇక్కడి నుంచి నేను బీచ్ పేర్లు వెతకడం మానేసి ఆటుపోట్ల టైములు వెతకడం మొదలుపెట్టాను. రోజుకి రెండుసార్లు నీళ్లు పైకొస్తాయి (పోటు), రెండుసార్లు వెనక్కి పోతాయి (ఆటు), రోజురోజుకీ ఆ టైము ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. గంటలూ నిమిషాలూ ఫోన్‌లో దొరుకుతాయి, కానీ పోటు ఎంత పెద్దదో చెప్పడానికి మా వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండరే చాలు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, లాగుడూ ఎక్కువే. అష్టమి దాటాక రెండు రోజులు నెమ్మదిగా ఉంటాయి. పాప స్కూలు, మా సెలవులు అన్నీ కుదిరేసరికి మాకు నీల్‌లో ఉండే రోజు పౌర్ణమికి కాస్త ముందు పడింది. అప్పుడు చేయగలిగింది ఒకటే, పోటు నిండి నీళ్లు దాదాపు ఆగినట్టుండే ఆ కాసేపట్లోనే దిగడం.

నెల ఎంచుకోవడం తేలికే. మే నుంచి వానలు, సముద్రం కోపంగా ఉంటుంది. డిసెంబర్, జనవరిలో ఈశాన్యం నుంచి గాలి వస్తుంది కాబట్టి హావ్‌లాక్‌లో తూర్పు వైపున్న విజయనగర్, కాలాపత్థర్ బీచుల్లో నీళ్లు కలకబారతాయి, వాయవ్యం వైపున్న ఎలిఫెంట్ బీచ్‌కి చాటు దొరుకుతుంది. మేం ఫిబ్రవరిలో వెళ్లాం. ఇంకోటి, గడియారం మనదే అయినా అక్కడ సూర్యుడు మనకంటే ముందే వచ్చి ముందే పోతాడు, ఐదున్నరకల్లా అస్తమయం. మధ్యాహ్నం భోంచేసి దిగుదాంలే అనే ఆలోచన పెట్టుకోవద్దు.

వెళ్లే ముందు మాస్కులు కొని బామ్మర్ది వాళ్ల బావిలోనే ప్రాక్టీసు చేశాం, మోటారు కట్టేయించి, మా ఆవిడ మాత్రం మెట్ల మీద కూర్చుని ముఖం ఒక్కటే ముంచుతూ. మాస్క్ సరిపోయిందో లేదో తెలియాలంటే పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చాలి, చెయ్యి తీసినా అది అతుక్కునే ఉంటే సరిపోయినట్టు. మీసాలున్నవాళ్లకి అక్కడి నుంచే నీళ్లు దూరతాయి. బామ్మర్ది మీసం తియ్యనన్నాడు కాబట్టి దానికి వ్యాజిలిన్ పట్టించాం, చాలావరకు ఆగింది. ఉమ్మి రాసి కడిగితే అద్దానికి ఆవిరి పట్టదు, మా ఆవిడ ఛీ అంది గానీ సముద్రంలో తనే ముందు రాసింది.

ఎలిఫెంట్ బీచ్‌కి అడవిలోంచి నడిచి వెళ్లొచ్చు, జెట్టీ నుంచి స్పీడ్ బోటులోనూ వెళ్లొచ్చు. మేం పొద్దున మొదటి బోట్లలో వెళ్లాం, జనం పెరిగేలోపు. గైడ్ మనల్ని నీళ్లలో తేలే రింగు పట్టించి లాక్కుపోతాడు కాబట్టి ఈత రాకపోయినా ఫర్వాలేదు, కానీ ఉచితం అని చెప్పే రౌండు చాలా చిన్నది, ఎంత దూరం, ఎంతసేపు అని బేరం ముందే మాట్లాడుకోవాలి. బామ్మర్ది లైఫ్ జాకెట్ వద్దన్నాడు, "అయితే ఒడ్డునే కూర్చో" అన్నాడు గైడ్, దాంతో వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఒడ్డుకి దగ్గరున్న పగడాల్లో చాలావరకు బూడిద రంగులో చచ్చిపడి ఉన్నాయి. 2010, 2016లో సముద్రం వేడెక్కడంతో అండమాన్ పగడాలు తెల్లబారి బాగా దెబ్బతిన్నాయి, ఫొటోల్లో చూసిన రంగులన్నీ ఉంటాయనుకుని వెళ్తే ఉసూరుమంటారు. చేపలకి మాత్రం లోటు లేదు. చిలకచేపలు పగడపు రాయిని కొరుకుతుంటే ఆ కటకట నీళ్లలో చెవికి వినపడుతుంది, ఇది నాకెవరూ చెప్పలేదు, విని ఆశ్చర్యపోయాను.

నీల్‌లో భరత్‌పూర్ జెట్టీ పక్కనే ఉంటుంది. నీళ్లు దిగినప్పుడు వస్తే పగడాలు మోకాళ్లకి తగిలేంత లోతే ఉంటుంది, ఈదలేం, నిలబడితే అవి విరిగిపోతాయి, మన కాళ్లూ కోసుకుంటాయి. మా రోజు పోటు పొద్దున తొమ్మిది అటూఇటూ. ఎనిమిదిన్నరకే దిగాం. మా ఆవిడ రింగు పట్టుకుని ముఖం ముంచింది, అంతే, మళ్లీ పైకెత్తదే! సముద్రపు పూవులాంటి ఎనిమోన్‌లో దాక్కుంటూ బయటికొస్తూ ఉన్న క్లౌన్ చేపని పాప చూపించింది. పదిన్నరకి నీళ్లు వెనక్కి లాగడం తెలుస్తుంటే బయటికొచ్చేశాం. మధ్యాహ్నం మూడింటికి, నీళ్లు బాగా దిగాక, లక్ష్మణ్‌పూర్ వైపు సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన దగ్గరికి వెళ్లాం. అక్కడ రాళ్ల గుంటల్లో సముద్రపు దోసకాయలు అనే ప్రాణులు, చిన్న చేపలు, పీతలు, తడవకుండానే చూడొచ్చు. అంటే ఒకే రోజు పోటుకి ఒక చోటు, ఆటుకి ఇంకో చోటు.

సన్‌స్క్రీన్ పూసుకునే బదులు మేం పొడుగు చేతుల ఈత చొక్కాలు వేసుకున్నాం, వీపు కాలలేదు, నీళ్లలో ఆ క్రీమూ కలవలేదు. పాప ఏరుకున్న పగడపు ముక్కలు మాత్రం అక్కడే వదిలించాను, చచ్చిన పగడమైనా తీసుకెళ్లడం చట్టప్రకారం నేరమే, తిరుగు ప్రయాణంలో సామాన్లు చూస్తారు.