పులికాట్ సీజన్ లాగ్: ముందు నీళ్ల లోతు, తర్వాతే పక్షి

ఈ సీజన్‌లో నాకు బాగా వంటబట్టిన విషయం ఒకటుంది. పులికాట్‌లో ముందు వెతకాల్సింది నీళ్ల లోతు. అది చూస్తే అక్కడ ఏ పక్షి ఉంటుందో సగం తెలిసిపోతుంది. తడి బురద అంచున చిన్న ఉల్లంకి పిట్టలు పరుగులు తీస్తుంటాయి. చీలమండ లోతులో గులాబీ కాళ్ల స్టిల్ట్‌లు. మోకాలి లోతు వచ్చేసరికి ఫ్లెమింగోలు. చేపలు తిరిగేంత లోతుంటే గూడబాతులు (పెలికన్లు). కాలి పొడవు, ముక్కు పొడవును బట్టి దేని చోటు దానిదే.

ఆ లోతు నెలనెలా మారుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి నీళ్లు వచ్చి సరస్సు నిండుతుంది. సంక్రాంతి దాటాక నీళ్లు తగ్గుతూ బురద నేలలు బయటపడతాయి. అందుకే డిసెంబరులో చూసిన చోటే ఫిబ్రవరిలో నిలబడితే లాభం లేదు. మొన్న సూళ్లూరుపేటలో ఆటో ఎక్కగానే డ్రైవరన్న, "నీళ్లు తగ్గినాయి సార్, అటకానితిప్ప దాకా పోదాం" అన్నాడు. ఆయన చెప్పిన వైపే గుంపు కనిపించింది.

నెల్లూరు నుంచి వచ్చేవాళ్లకు తెల్లవారుజామున చెన్నై వైపు వెళ్లే రైలు మేలు. సూళ్లూరుపేటలో దిగి ఆటో మాట్లాడుకుంటే చాలు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇదంతా తిరుపతి జిల్లా అయింది గానీ, మాకిది ఇప్పటికీ ఇంటి పక్క సరస్సే. శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి తూర్పుగా సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు చూడండి, వెలుగు మన వెనక నుంచి పడుతుంది. దక్షిణం వైపు చూస్తే పక్షులన్నీ నల్లటి నీడల్లాగే కనిపిస్తాయి. ఆటో దిగకుండా చూడటం ఇంకా మంచిది. మనిషి నడిచొస్తే లేచిపోయే పక్షులు బండి ఆగినా పెద్దగా పట్టించుకోవు. ఉదయం ఈ రోడ్డు మీద బస్సుల రద్దీ ఉంటుంది, బండిని బాగా పక్కకు తీయించండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు వెళ్లొద్దు. ఎండెక్కితే బురద మీద గాలి మరిగినట్టు కదిలి ఎంత మంచి బైనాక్యులర్‌లోనైనా బొమ్మ వణుకుతుంది, కాబట్టి పని పెందలాడే ముగించుకోవాలి.

ఈసారి ఒక ఫ్లెమింగోను చాలాసేపు చూశాను. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుతూ ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిరిగింది. అలా లేచిన బురదనీళ్లను నాలుకతో లాగి, ముక్కు అంచుల్లోని సన్నటి జల్లెడలోంచి బయటకు నెట్టి, తిండిని మాత్రం మిగుల్చుకుంటుంది. ఆ తిండిలోని రంగే దాని రెక్కల గులాబీకి కారణం.

పులికాట్ దగ్గర్లోని నేలపట్టుది వేరే లోకం. 1976లో పక్షుల రక్షిత కేంద్రం అయిన ఈ చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు గూళ్లు కడతాయి. గూడు ఇక్కడ, మేతకు పులికాట్. పొద్దున ఎండ కాస్త ఎక్కాక గూడబాతులు వేడిగాలి మీద చుట్లు తిరుగుతూ పైకి లేచి, రెక్క ఆడించకుండా తూర్పుకి జారిపోతాయి. తిరిగొచ్చిన తల్లి నోరు తెరిచిందో లేదో, పిల్ల మెడ దాకా ముక్కు కింది సంచిలోకి దూరిపోతుంది. ఒక్కోసారి పిల్ల తల అసలు కనిపించదు, రెక్కలు మాత్రం టపటపా కొట్టుకుంటుంటాయి. ఇది చూడటానికి వాచ్ టవర్ చాలు. ఇంకా దగ్గరికి వెళ్లి గూటి మీది తల్లిని లేపితే గుడ్లు, పిల్లలు ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. దయచేసి ఆ పని చేయొద్దు.

లెక్క రాయడంలో ఈ ఏడు బాగా ముందుకొచ్చాను. చూసిన పక్షుల జాబితా నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో పెద్ద గుంపు ఎదురైతే అంకె బదులు ఎక్స్ (ఉన్నాయి, లెక్కపెట్టలేదు) అని పెట్టేయొచ్చు, కానీ ఆ జాబితాతో పక్షులు పెరిగాయో తగ్గాయో ఎవరికీ తెలియదు. ముందు పది పక్షులు లెక్కపెట్టి, అవి ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుని, అలాంటి ముక్కలు ఎన్నున్నాయో చూస్తాను. గుంపు మరీ పెద్దదైతే పదికి బదులు వందేసి పక్షుల ముక్కలు. ఇంటికొచ్చి ఫోటోను పెద్దది చేసి సరిచూసుకుంటాను. ఏటా జనవరిలో జరిగే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌ (నీటిపక్షుల లెక్కింపు)లో పాల్గొనాలనుకునేవాళ్లు ముందు నుంచే ఈ సాధన చేస్తే మంచిది. నేను వారం మధ్యలో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున చేస్తుంటాను.

సామాను గురించి రెండు మాటలు. కొత్తవాళ్లకు 8x42 (8 రెట్లు పెద్దది చేసి చూపే, 42 మి.మీ. ముందు అద్దాలున్న) బైనాక్యులర్ చాలు. 10 రెట్లు పెద్దది చేసి చూపేదాంట్లో మన చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. టోపీ, నీళ్లు, ముదురు రంగు చొక్కా.

ఇక గుర్తుపట్టడం నేర్చుకోవాల్సి మిగిలింది చిన్న ఉల్లంకులు. చలికాలంలో అన్నీ బూడిద రంగే. ప్రస్తుతానికి ముక్కు చూసి విడదీస్తున్నాను: పొట్టిగా తిన్నగా ఉంటే లిటిల్ స్టింట్, పొడుగ్గా కిందికి వంగి ఉంటే కర్లూ శాండ్‌పైపర్. వచ్చే నెల ఆటుపోట్ల పట్టిక చూసుకుని, ఆటు సమయానికి కృష్ణపట్నం ఉప్పుటేరు ఒడ్డున బురద బయటపడేటప్పుడు వీటినే చూడాలని ఉంది. నెల్లూరు నుంచి ఎవరైనా వస్తానంటే బండి మీద ఒకరికి చోటుంది.