తాతయ్య 12 బోరు

ఆదివారం. రావులపాలెంలో బస్సు దిగి ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి తొమ్మిదయింది. కాలవ గట్టు పొడుగునా సార్వా కుప్పలు, మంచు ఇంకా విడలేదు. కాఫీ తాగుదామని లోపలికి అడుగుపెడితే నాన్నగారు మండువాలో పాత పేపర్లు పరిచి, తాతయ్య 12 బోరు జంటగొట్టాల తుపాకీ విప్పదీసుకుని కూర్చున్నారు. ఎదురుగా తమ్ముడు, మొహం మాడ్చుకుని.

వెనక వీధిలో పోయిన వారం దొంగలు పడ్డారట. ఇంటిల్లిపాదీ పెళ్ళికెళ్ళారు, గొళ్ళెం ఊడబీకి బీరువా ఖాళీ చేశారు. అప్పట్నుంచి మావాడికి టెన్షన్. లైసెన్సు తన పేరుకి మార్చేసి, ఈ పాతదాన్ని అమ్మేసి, రైఫిల్ కొనిపెట్టమంటాడు.

మార్పించడానికి అడ్డేమీ లేదు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళు ఆయన దగ్గరున్నా వారసుడి పేరుకి అడగొచ్చు. నాన్నగారికి రెండూ నిండాయి. పైగా 2019లో చట్టం మారి, లైసెన్సు మూడేళ్ళకి బదులు అయిదేళ్ళు నడుస్తోంది. ఒకప్పుడు ఇలాంటి పనికి కాకినాడ పోవాలి. 2022లో కోనసీమ జిల్లా అయ్యాక కలెక్టరేట్ అమలాపురానికే వచ్చింది. కాబట్టి గొడవ కాగితాలది కాదు, ఏ తుపాకీ అన్నదే.

"రెండు పేల్చగానే అయిపోతుంది నాన్నగారూ, మళ్ళీ విరిచి తూటాలు పెట్టుకోవాలి. అదే .315 రైఫిల్ అయితే అయిదు పడతాయి" అన్నాడు తమ్ముడు.

నాన్నగారు మాట్లాడలేదు. పాత పంచె గుడ్డకి కుట్టుమిషను నూనె అద్ది, గజం కడ్డీతో గొట్టంలోకి తోసి లాగారు. గుడ్డ నల్లగా వచ్చింది. మళ్ళీ తోశారు. అయిదోసారికి తెల్లగా వచ్చింది. "చూడమ్మా" అని గొట్టాలు నా చేతికిచ్చారు. వెలుతురు వైపు తిప్పి కన్నుపెడితే లోపల గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటిగా వెలుగు వలయాలు. ఎక్కడా గీత లేదు, పింగాణీ గిన్నె లోపలిలా నున్నగా ఉంది. చివర రెండు రూపాయి బిళ్ళలంత ఆకాశం, అందులో కొబ్బరి మట్ట కొన ఊగుతోంది.

"ఇది నున్నన. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన చాళ్ళు ఉంటాయి. తూటా ఆ చాళ్ళలో గిర్రున తిరిగి బయటికొస్తుంది, అందుకే తిన్నగా పోతుంది. ఎంత దూరం పోతుందో తెలుసా? కిలోమీటరు దాటి పోతుంది" అన్నారు. ఆ తర్వాత వాడికేసి తిరిగి, "ఇక్కడ నుంచుని వీధి గుమ్మం వైపు పేల్చావనుకో. తగిలితే సరే. తగలకపోతే? తలుపు, ఆ వెనక ఎదురింటివాళ్ళ తడిక, ఆ వెనక మంచం. ఆ మంచం మీద ఎవరు పడుకుంటారో నీకు తెలుసు కదరా?"

తెలుసు. ఎదురింటి ముసలమ్మ. చిన్నప్పుడు మా ఇద్దరికీ తాటి తాండ్ర పెట్టేది.

మాది చదును నేల. కొండా లేదు, గుట్టా లేదు, తూటాని ఆపడానికి కొబ్బరి చెట్టు తప్ప ఇంకోటి లేదు. ఇళ్ళేమో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఏ తుపాకీ మేలో తేల్చాల్సింది గోడకి అవతల ఏముందో చూసుకుని. ఈ లెక్కన నాన్నగారి మాటే నాకు సబబనిపించింది. 12 బోరులో చిన్న గుళ్ళున్న తూటా వేస్తే కొంత దూరం పోయేసరికి జోరు చచ్చిపోతుంది. పెద్ద గుళ్ళయితే అవీ తలుపుని చీల్చుకుపోతాయి, అది వేరే సంగతి.

తమ్ముడు ఇంకో పాయింటు తీశాడు. "పోనీ దీనికి గురి అక్కర్లేదంటారు కదా, గుళ్ళన్నీ విసిరినట్టు పడతాయని." నాన్నగారు నవ్వారు. ఈ గది ఈ మూల నుంచి ఆ మూలకి పేలిస్తే గుళ్ళన్నీ కలిపి అరచేతంత మేర పడతాయిట. ఆకాశంలో పరజల (అడవి బాతుల) గుంపు మీద పేల్చినట్టు గదిలో కుదరదు. పరజలంటే గుర్తొచ్చింది, తాతయ్య ఈ తుపాకీ కొన్నది కొల్లేట్లో వేటకి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి, ఆ తర్వాత వేట ఆగిపోయాక దీనికి పనే లేకుండా పోయింది. మాకు మిగిలినవి ఖాళీ తూటా గొట్టాలు. వేలికి తొడుక్కుని బల్ల మీద టకటకలాడించేవాళ్ళం. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే ఒక్కోటి ఆ గొట్టానికి సరిపోతుందనీ, అందుకే 12 బోరు అంటారనీ చెప్పింది కూడా తాతయ్యే.

అమ్మ దిబ్బరొట్టి పళ్ళెం తెచ్చి మా మధ్యన పెట్టింది.

"తుపాకీ బీరువాలో. తూటాలు అటక మీద పెట్టెలో. పెట్టె తాళం నా కొంగున. మీ నాన్నగారు రాత్రి చెవి మిషను తీసి పడుకుంటారు. నువ్వేమో రొయ్యల చెరువు కాడ. దొంగొస్తే ముందు లేచేది నేనూ, కుక్కా. ఏ తుపాకీ అయితేనేం?"

ఎవరూ మాట్లాడలేదు. నాన్నగారు రొట్టి తుంచుకున్నారు. ఇంకా ఒకటుంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. 2024లోనూ అంతే. అప్పుడు బీరువాలో రసీదొక్కటే ఉండేది, ఊళ్ళో అందరికీ తెలుసు, అయినా ఏ దొంగా రాలేదు.

తమ్ముడు మాత్రం వదల్లేదు. ఒక మనిషి రెండు ఉంచుకోవచ్చు కదా, ఇది ఉండగానే అదీ కొంటానన్నాడు. 2019కి ముందు మూడు ఉంచుకోనిచ్చేవారని నాన్నగారు గుర్తుచేశారు. పేల్చాక సంగతేమిటని నేనడిగాను. రాత్రిపూట తలుపు పగలగొట్టి చొరబడినవాడి మీద ఆత్మరక్షణ హక్కుంది. ఇదివరకు ఐపీసీలో ఉండేది, 2024 జులై నుంచి దాని బదులొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉంది. కాని అవసరానికి మించి హాని చెయ్యకూడదన్న మెలిక కూడా అందులోనే ఉంది. ఎంతవరకు అవసరమో చీకట్లో, నిద్రమత్తులో ఎవరు కొలుస్తారు? వాడు జవాబు చెప్పలేదు, ఫోన్లో ఏదో చూసుకున్నాడు.

పదకొండింటికి నాన్నగారు గొట్టాలు తుపాకీ కొయ్య మడమకి తగిలించారు. టక్‌మని ఒక చిన్న చప్పుడు, గట్టి తలుపు పడ్డట్టు. దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టారు. అమ్మ తాళం వేసి కొంగున ముడేసుకుంది.

సాయంత్రం బస్సెక్కించడానికి తమ్ముడే బండి మీద తీసుకొచ్చాడు. వానపల్లి దాటాక, "రేపు అమలాపురం వెళ్తున్నానక్కా, కలెక్టరేట్‌లో ఫారం తేవాలి" అన్నాడు. ఏ ఫారమో నేనడగలేదు, వాడూ చెప్పలేదు. ఇది రాస్తుంటే వేళ్ళకి ఇంకా మిషను నూనె వాసనే కొడుతోంది.