గప్పీలు రంగు మార్చుకోలేదు

“శత్రువుల బారి నుంచి తప్పించుకోవడానికి చేపలు రంగు మార్చుకున్నాయి.” జీవశాస్త్రం చెబుతున్న ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు కొట్టేసిన వాక్యం ఇదే. నిన్న రాత్రి జవాబు పత్రాల్లో మళ్లీ కనిపించింది. ఎర్ర సిరాతో గీత గీయబోయి ఆగిపోయాను. ఆ మాట పిల్లలకు చెప్పింది నేనే. పాఠం ముగించే తొందరలో సరిగ్గా ఈ మాటలే అన్నట్టు గుర్తుంది.

పొరపాటు “మార్చుకున్నాయి” అన్న క్రియలోనే ఉంది. చొక్కా మార్చుకున్నాడు, ఇల్లు మార్చుకున్నాం అంటాం. అక్కడ మారాలనుకున్నవాడు ఒకడుంటాడు. కరీబియన్ దీవి ట్రినిడాడ్ కొండవాగుల్లో ఉండే చిన్న మంచినీటి చేపలు గప్పీలు. వాటిలో అలా అనుకున్న చేప ఒక్కటీ లేదు.

ఆ వాగుల్లో జలపాతాలు అడ్డుగోడల్లాంటివి. దిగువ మడుగుల్లో పెద్ద గప్పీలను సైతం మింగే పైక్ సిక్లిడ్ చేపలుంటాయి. జలపాతాలు దాటి అవి పైకి ఎక్కలేవు. ఎగువన ఉండే రివ్యులస్ చిన్న చేప. దానికి చిక్కేవి ఎక్కువగా పిల్ల గప్పీలే. మగ గప్పీల ఒంటి మీద నారింజ, నలుపు, నీలం చుక్కలుంటాయి. ఆ చుక్కల తీరును నిర్ణయించే జన్యువుల్లో చాలావరకు మగవాటికి మాత్రమే ఉండే వై క్రోమోజోమ్ మీదే ఉంటాయి కాబట్టి తండ్రి చుక్కలు నేరుగా కొడుకులకు వస్తాయి. ఆడ గప్పీలు సాధారణంగా మెరిసే మగవాటినే ఇష్టపడతాయి. చిక్కేమిటంటే, వేటాడే చేప కంట ముందుగా పడేవీ అవే.

1976లో జీవశాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ దిగువ మడుగు నుంచి సుమారు 200 గప్పీలను తీసుకెళ్లి, అసలు గప్పీలే లేని, రివ్యులస్ మాత్రమే ఉన్న ఒక ఉపవాగులో వదిలాడు. రెండేళ్లు నిండేసరికి అక్కడి మగ చేపల చుక్కలు సంఖ్యలోనూ పరిమాణంలోనూ పెరిగాయి. ఆ చేపల్లో ఏదీ తన చుక్కలను పెంచుకోలేదు. వదిలిన గుంపులోనే చుక్కలు ఎక్కువున్నవీ తక్కువున్నవీ కలిసి ఉన్నాయి. ఎక్కువున్నవి మునుపటిలా వేటకు బలికాలేదు, ఆడ చేపల మెప్పు పొందాయి, ఎక్కువ మంది కొడుకులను కన్నాయి. మారింది గుంపులోని లెక్క.

ఒక అమ్మాయి గతంలో అడిగిన ప్రశ్న నాకిప్పటికీ ఇష్టం: “కొత్త చోట తిండి బాగుండి రంగు వచ్చిందేమో కదా?” అడగాల్సిన ప్రశ్నే. నారింజ రంగుకు కావలసిన కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు గప్పీలకు తిండి నుంచే అందుతాయి మరి. ఎండ్లర్ కృత్రిమ కుంటల్లోనూ గప్పీలను పెంచి చూశాడు. సిక్లిడ్లు ఉన్న కుంటల్లో తరాలు గడిచేకొద్దీ చుక్కలు తగ్గాయి. ఆ కుంటల్లో అడుగున పరిచిన గులకరాళ్ల పరిమాణాన్ని బట్టి కూడా చుక్కల పరిమాణం మారింది: సన్న గులక మీద చిన్నవి, ముతక గులక మీద పెద్దవి. నేపథ్యంలో కలిసిపోయిన చేపే మిగిలింది.

జీవశాస్త్రవేత్త డేవిడ్ రెజ్నిక్ బృందం 1990లో ప్రచురించిన ఫలితం నన్ను ఇంకా ఎక్కువగా కదిలిస్తుంది. ఎండ్లర్ గప్పీల వాగు మార్చిన 11 ఏళ్లకు, అంటే 30 నుంచి 60 తరాలకు, ఆ గప్పీలు ఆలస్యంగా, పెద్ద పరిమాణంలో ఈడుకు వస్తున్నాయి. తక్కువ పిల్లలను, కానీ పెద్ద పిల్లలను కంటున్నాయి. వాటి సంతతిని ప్రయోగశాలలో ఒకే రకమైన పరిస్థితుల్లో పెంచి, రెండో తరంలో చూసినా ఆ తేడా పోలేదు. అంటే అది తిండి వల్ల వచ్చిందని చెప్పడానికి లేదు, వారసత్వంగా వచ్చింది. పెద్ద చేపలను మింగేసే సిక్లిడ్ ఉన్నచోట తొందరగా పిల్లలను కన్నదే వంశాన్ని నిలుపుతుంది. ఆ ముప్పు లేనప్పుడు ఆగి ఎదగడమే లాభం.

ఆ జవాబుకు మార్కులు తగ్గించలేదు. రేపు తరగతికి రెండు పళ్లాలు తీసుకెళ్తున్నాను, ఒకదాంట్లో ముతక గులక, ఇంకోదాంట్లో సన్నది. రెండింటిలోనూ చిన్నా పెద్దా రంగు పూసలు కలిపి చల్లుతాను. పిల్లలు అర నిమిషంలో దొరికినన్ని ఏరాలి. మిగిలిన ప్రతి పూసకూ తోడుగా అలాంటిదే మరొకటి వేసి, మళ్లీ ఏరమంటాను. నాలుగైదు విడతలయ్యాక ఏ పళ్లెంలో ఏవి మిగిలాయో వాళ్లే లెక్కపెట్టి, ఆ వాక్యాన్ని వాళ్లే తిరగరాస్తారు.