ట్రేస్ ఈవెంట్‌లో పర్సెంట్ ఎస్: కెర్నల్ ఆ స్ట్రింగ్‌ని ఎప్పుడు చదువుతుంది?

లినక్స్ కెర్నల్‌లో కొత్త ట్రేస్‌పాయింట్ (కోడ్‌లో ఆ చోట ఏం జరిగిందో నమోదు చేసే గుర్తు) రాసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది స్ట్రింగ్‌ల దగ్గరే. కెర్నల్ లాగ్‌లోకి రాసే ప్రింట్‌కే ఫంక్షన్ అలవాటు చేతికి ఉంటుంది. పర్సెంట్ ఎస్ (ఇక్కడ స్ట్రింగ్ అచ్చు వెయ్యమనే ఫార్మాట్ గుర్తు) పెట్టి పాయింటర్ ఇస్తాం, ఆ లైను నడిచిన క్షణంలోనే అక్షరాలు లాగ్‌లోకి కాపీ అయిపోతాయి. ఆ తర్వాత పాయింటర్ ఏమైనా ఫర్వాలేదు. ట్రేస్ ఈవెంట్ ఇలా పనిచెయ్యదు.

ట్రేస్-ఈవెంట్ మ్యాక్రోలో మనం రాసే ముఖ్యమైన భాగాలు మూడు. టీపీ-స్ట్రక్ట్-ఎంట్రీలో, ఈవెంట్లు వరుసగా చేరే రింగ్ బఫర్‌లో ఏ ఫీల్డులు ఉండాలో చెబుతాం. టీపీ-ఫాస్ట్-అసైన్ ఈవెంట్ జరిగిన క్షణంలో నడిచి ఆ ఫీల్డులు నింపుతుంది. టీపీ-ప్రింట్‌కే మాత్రం అప్పుడు నడవదు. ఎవరైనా ట్రేస్ ఫైల్ తెరిచి చదివినప్పుడు నడుస్తుంది. ఈ రెంటి మధ్య రెండు సెకన్లు గడవచ్చు, రెండు రోజులు గడవచ్చు. ఎంట్రీలో కాన్స్ట్ క్యార్ పాయింటర్ ఫీల్డు పెట్టి దానికి డివైజ్ పేరు అప్పగిస్తే బఫర్‌లో దాచింది పేరు కాదు, పేరు ఉండే చోటు అడ్రస్ మాత్రమే. చదివే సమయానికి ఆ చోట ఏముందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

అప్పుడు జరిగేది మూడు రకాలు. ఆ మెమరీని కేఫ్రీ చేసినా, అంటే కెర్నల్‌కి తిరిగిచ్చేసినా, ఇంకా ఎవరూ వాడుకోకపోతే పాత పేరే కనిపిస్తుంది. టెస్ట్ పాసవుతుంది, ప్యాచ్ లోపలికి వెళ్లిపోతుంది. నా దృష్టిలో మూడింటిలో ఇదే అన్యాయమైనది, ఎందుకంటే తప్పు బయటపడేది వేరేవాళ్ల సర్వర్ మీద. ఆ మెమరీ ముక్క మరొకరికి వెళ్లిపోయి ఉంటే వాళ్ల డేటా మన ట్రేస్‌లో అచ్చవుతుంది. అందులో పాస్‌వర్డ్ ముక్క ఉన్నా కెర్నల్‌కి తెలియదు, సున్నా బైటు తగిలేదాకా ప్రింట్ చేస్తూ పోతుంది. ఇక పేజీయే మ్యాప్‌లో లేకపోతే, అంటే వీమ్యాలాక్ మెమరీ అయినా తీసేసిన మాడ్యూల్ మెమరీ అయినా, ట్రేస్ ఫైల్‌ని క్యాట్ చేసిన ప్రాసెస్ కెర్నల్ లోపల ఊప్స్ అవుతుంది, అంటే కెర్నల్ లోపం బయటపడి ఆ ప్రాసెస్ ఆగిపోతుంది. తప్పు చేసింది డ్రైవర్, పడిపోయింది చదివినవాడు.

ఫార్మాట్‌ని అక్షరాలుగా మార్చే వీఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ పాయింటర్‌ని సరిచూస్తుంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది చూసేది చాలా తక్కువ. పాయింటర్ నల్ అయితే బ్రాకెట్లలో నల్ అని రాస్తుంది. మొదటి పేజీలోని అడ్రస్ అయినా, ఎర్రర్ కోడ్ దాచిన పాయింటర్ అయినా ఈఫాల్ట్ అని రాస్తుంది. ఆ రెండూ కాని ప్రతి అడ్రస్‌నీ నమ్మి నేరుగా చదివేస్తుంది.

సరైన దారి స్ట్రింగ్‌ని ఈవెంట్ సమయంలోనే బఫర్‌లోకి కాపీ చెయ్యడం. ఎంట్రీలో ముందు రెండు అండర్‌స్కోర్లున్న స్ట్రింగ్ మ్యాక్రోకి ఫీల్డు పేరు, సోర్స్ పాయింటర్ ఇవ్వాలి. టీపీ-ఫాస్ట్-అసైన్‌లో అసైన్-స్ట్ర్, టీపీ-ప్రింట్‌కేలో గెట్-స్ట్ర్ వాడాలి. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎక్కడ చెడుతుందో కూడా తెలుస్తుంది. రింగ్ బఫర్‌లో చోటు రిజర్వ్ చేసేముందు సోర్స్ మీద స్ట్ర్‌లెన్ నడుస్తుంది. పొడవు ప్లస్ ఒక బైటు ఈవెంట్ తోకకి కలుస్తుంది. ఫీల్డు ఉండే చోట డేటా-లాక్ అనే 32 బిట్ల విలువ కూర్చుంటుంది: పై 16 బిట్లు పొడవు, కింది 16 బిట్లు ఈవెంట్ మొదలు నుంచి ఆఫ్‌సెట్. సోర్స్ నల్ అయితే బ్రాకెట్లలోని నల్ మాటే కాపీ అవుతుంది కాబట్టి నల్ కోసం విడిగా చెక్ రాయనక్కర్లేదు. సోర్స్ చివర సున్నా బైటు లేకపోతే, ఉదాహరణకి నెట్‌వర్క్ ప్యాకెట్‌లోంచి తీసిన పేరు అయితే, స్ట్ర్‌లెన్ హద్దు దాటి పరుగెడుతుంది. అలాంటి చోట పొడవు మనమే ఇచ్చే స్ట్రింగ్-లెన్ మ్యాక్రో ఉంది.

పాత కెర్నల్‌లలో అసైన్-స్ట్ర్‌కి కూడా సోర్స్ రెండోసారి ఇవ్వాల్సి వచ్చేది, లోపల స్ట్ర్‌కాపీ ఉండేది. పొడవు కొలిచింది ఒక ఎక్స్‌ప్రెషన్ మీద, కాపీ చేసింది మరో ఎక్స్‌ప్రెషన్ నుంచి అయితే రిజర్వ్ చేసిన చోటు దాటి రాసేస్తుంది. 6.10 నుంచి ఆ రెండో ఆర్గ్యుమెంట్ తీసేశారు. మొదట కొలిచిన పాయింటరే గుర్తుంచుకుని, కొలిచిన పొడవు మేరకే కాపీ చేసి, చివర సున్నా పెడుతుంది. పాత కెర్నల్‌కి బ్యాక్‌పోర్ట్ చేసేవాళ్లు రెండు చోట్లా ఒకే సోర్స్ ఉందో లేదో కళ్లతో పోల్చి చూడాల్సిందే.

కొలతకీ కాపీకీ మధ్య సోర్స్ మారిపోయే ప్రమాదం మాత్రం మ్యాక్రో ఒక్కటే తీర్చలేదు. డెంట్రీ (ఫైల్ పేరుని దాచే కెర్నల్ నిర్మాణం) పేరు రీనేమ్‌తో మారుతుంది, నెట్ డివైజ్ పేరు కూడా మారుతుంది. కొత్త మ్యాక్రోతో ఓవర్‌ఫ్లో జరగదు గానీ సగం పాత పేరు, సగం కొత్త పేరు కలిసి రావచ్చు. పాత పేరుని దాచిన మెమరీ మధ్యలో ఫ్రీ అయితే ఇంకా ఘోరం. ఆ పేరుని కాపాడే లాక్ పట్టుకుని ఉండగానో, ఆర్‌సీయూ రీడ్ సెక్షన్ (చదువుతున్నంతసేపూ పాత మెమరీ ఫ్రీ కాకుండా ఆపే భాగం) లోపలో ట్రేస్‌పాయింట్ పిలవాలి. ట్రేస్‌పాయింట్‌ని లాక్ వదిలాక కింది లైనుకి జరపమని రివ్యూలో ఎవరైనా అడిగితే, ముందు ఈ ప్రశ్న వేసుకోండి: లాక్ వదిలాక ఆ పేరు ఇంకా భద్రంగా ఉంటుందా?

పరిమాణం సంగతి కూడా చూసుకోవాలి. రింగ్ బఫర్‌లో ఒక ఈవెంట్ ఒక సబ్-బఫర్ దాటి పోలేదు, సబ్-బఫర్ మామూలుగా ఒక పేజీ. 4096 బైట్ల పేజీలో హెడర్లు పోగా మిగిలేది 4096 కంటే తక్కువ. అంటే పాత్-మ్యాక్స్ (ఫైల్ దారి పొడవుకి హద్దు, 4096 బైట్లు) అంత పొడవైన దారి ఒక ఈవెంట్‌లో పట్టదు. రిజర్వేషన్ విఫలమై ఆ ఈవెంట్ ట్రేస్‌లోకి రానేరాదు. పొడవైన పేర్లు వచ్చే అవకాశం ఉంటే ముందే ఒక హద్దు పెట్టి స్ట్రింగ్-లెన్‌తో కత్తిరించండి. 6.8 నుంచి సబ్-బఫర్ పరిమాణం పెంచుకునే వీలుంది గానీ, మన ఈవెంట్ కోసం అందరూ ఆ సెట్టింగ్ మార్చాలనడం సబబు కాదు.

చిన్న, స్థిరమైన పేర్లకి స్థిర అర్రే చాలు. టాస్క్ కామ్ (ప్రాసెస్ పేరు) 16 బైట్లే కాబట్టి షెడ్-స్విచ్ ఈవెంట్‌లో అది అర్రేగానే ఉంటుంది. ఈ పద్ధతిని వేరే సోర్స్‌లకి వాడేటప్పుడు మెమ్‌కాపీతో 16 బైట్లు గుడ్డిగా లాగకండి. సోర్స్ ఐదు బైట్ల లిటరల్ అయితే మిగతా 11 బైట్లు పక్కింటివి. స్ట్ర్‌ఎన్‌కాపీ అర్రే నిండితే చివర సున్నా పెట్టదు, అప్పుడు పర్సెంట్ ఎస్ పక్క ఫీల్డులోకి దూరుతుంది. స్ట్ర్‌ఎస్‌కాపీ వాడితే ఈ రెండు బెడదలూ ఉండవు.

మరి ఎప్పటికీ ఫ్రీ కాని లిటరల్ స్ట్రింగ్‌లకి పాయింటర్ దాచొచ్చా? కెర్నల్ లోపలి ట్రేస్ ఫైల్ వరకూ పని జరుగుతుంది. కానీ పెర్ఫ్, ట్రేస్-సీఎండీ లాంటి టూల్స్ బైనరీ డేటాని బయటికి తీసుకెళ్లి అక్కడ వాక్యాలు కడతాయి. వాటి చేతిలో ఉండేది అడ్రస్ అంకె మాత్రమే. అందుకే ట్రేస్‌పాయింట్-స్ట్రింగ్ అనే మ్యాక్రో ఉంది. అది లిటరల్‌ని ఒక ప్రత్యేక సెక్షన్‌లో నమోదు చేస్తుంది, ట్రేసింగ్ ఫైళ్లుండే ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లోని ప్రింట్‌కే-ఫార్మాట్స్ ఫైల్‌లో అడ్రస్, పాఠం జంటగా కనిపిస్తాయి. ఆర్‌సీయూ ట్రేసింగ్ దీన్నే వాడుతుంది. రీబూట్ తర్వాత కూడా మిగిలే రింగ్ బఫర్ 2024లో వచ్చాక పాయింటర్ దాచే అలవాటుకి మరో దెబ్బ తగిలింది. ప్రతి బూట్‌లో కెర్నల్ అడ్రస్‌లని మార్చే కేఏఎస్‌ఎల్‌ఆర్ వల్ల గత బూట్‌లోని అడ్రస్‌ని ఈ బూట్‌లో ఉన్నదున్నట్టు నమ్మలేం. నన్నడిగితే, స్థితి పేర్లూ కారణాల పేర్లూ అంకెగా దాచి ప్రింట్-సింబాలిక్‌తో పేరు ఇవ్వడమే మేలు. నాలుగు బైట్లతో పోతుంది, ఫిల్టర్ రాయడం సులువు, ఫ్రీ అవ్వడానికి ఏమీ లేదు. ఈనమ్ విలువలైతే ట్రేస్-డిఫైన్-ఈనమ్ కూడా జతచెయ్యండి, లేకపోతే ఫార్మాట్ ఫైల్‌లో అంకెకి బదులు ఈనమ్ పేరే ఉండిపోయి బయటి టూల్‌కి అర్థం కాదు.

ఈ తప్పులు తరచూ దొర్లుతున్నాయని ట్రేసింగ్ మెయింటెయినర్ స్టీవెన్ రోస్టెడ్ 2021లో ఒక కాపలా చేర్చారు. పర్సెంట్ ఎస్‌కి ఇచ్చిన పాయింటర్ ఆ ఈవెంట్ లోపలిదేనా, కెర్నల్ స్థిర డేటాలోదా అని చదివే సమయంలో చూస్తుంది. కాకపోతే ఒకసారి వార్నింగ్ ఇచ్చి, స్ట్రింగ్ బదులు అన్‌సేఫ్-మెమరీ అనే ముద్ర వేసేది. మీ ట్రేస్‌లో ఆ మాట కనిపిస్తే అది టూల్ లోపం కాదు, ఈవెంట్ రాసిన తీరులోని లోపం. ఇటీవలి కెర్నల్‌లలో ఈ తనిఖీలో కొంత భాగం ఈవెంట్ నమోదయ్యే సమయానికే జరిగిపోతుంది, అనుమానం ఉన్న పాయింటర్ ఫీల్డులని మాత్రం ఇంకా ట్రేస్ చదివేటప్పుడే చూస్తుంది.

ట్రేస్-ప్రింట్‌కే గురించి ఒక్క మాట చాలు: అది కూడా ఫార్మాటింగ్‌ని వాయిదా వేస్తుంది గానీ పర్సెంట్ ఎస్ స్ట్రింగ్‌లని పిలిచిన క్షణంలోనే కాపీ చేసుకుంటుంది. డీబగ్ చేసినంతసేపూ వాడుకుని, ప్యాచ్ పంపేముందు తీసెయ్యండి.

ఇంతవరకూ చెప్పింది కెర్నల్ మెమరీ గురించి. యూజర్ మెమరీ నుంచి స్ట్రింగ్ చదవడం ఇంకా సున్నితం. ప్రోబ్ హ్యాండ్లర్ (కోడ్‌లో మనం తగిలించిన చోట నడిచే చిన్న ఫంక్షన్) నిద్రపోలేదు, కాబట్టి పేజీ ఫాల్ట్ వస్తే డిస్క్ నుంచి తెప్పించుకునేదాకా ఆగలేదు. నోఫాల్ట్ ఫంక్షన్లు పేజ్‌ఫాల్ట్‌ని ఆపి చదవడానికి ప్రయత్నిస్తాయి. తప్పితే ఎక్సెప్షన్ టేబుల్ ద్వారా బయటపడి ఎర్రర్ తిరిగిస్తాయి. కెర్నల్ అడ్రస్‌కి, యూజర్ అడ్రస్‌కి వేర్వేరు ఫంక్షన్లు ఉన్నాయి, ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. ఎస్390 లాంటి ఆర్కిటెక్చర్‌లో ఒకే అంకె రెండు అడ్రస్ స్పేస్‌లలోనూ చెల్లుతుంది. అందుకే కేప్రోబ్ (నడుస్తున్న కెర్నల్ ఫంక్షన్‌కి తగిలించే ప్రోబ్) ఈవెంట్లలో స్ట్రింగ్, యూస్ట్రింగ్ అని రెండు టైపులు, బీపీఎఫ్‌లో (కెర్నల్ లోపల మన చిన్న ప్రోగ్రామ్‌లని నడిపే వ్యవస్థ) 5.5 నుంచి ప్రోబ్-రీడ్-కెర్నల్-స్ట్ర్, ప్రోబ్-రీడ్-యూజర్-స్ట్ర్ అని రెండు హెల్పర్లు.

డూ-సిస్-ఓపెన్‌ఎట్2 మీద కేప్రోబ్ పెట్టి రెండో ఆర్గ్యుమెంట్‌ని యూస్ట్రింగ్‌గా చదివితే ఎక్కువసార్లు ఫైల్ పేరు వస్తుంది, అప్పుడప్పుడూ బ్రాకెట్లలో ఫాల్ట్ అని వస్తుంది. కారణం సులువే. కొత్తగా మొదలైన ప్రోగ్రామ్‌లో ఆ పేరు రీడ్-ఓన్లీ డేటా పేజీలో ఉంటుంది, ఆ పేజీని ఇంకా ఎవరూ తాకలేదు. బీపీఎఫ్‌లో అయితే మైనస్ 14 (ఈఫాల్ట్) వస్తుంది. దీనికి విరుగుడు రెండు విధాలు. సిస్‌కాల్ ఎంట్రీలో పాయింటర్‌ని బీపీఎఫ్ మ్యాప్‌లో దాచి, సిస్‌కాల్ ఎగ్జిట్‌లో చదవడం ఒకటి. అప్పటికి కెర్నల్ తనే ఆ పేజీని తాకి తెప్పించుకుని ఉంటుంది. కాకపోతే ఇంకో థ్రెడ్ ఈలోపు ఆ పేరు మార్చెయ్యగలదు, కాబట్టి భద్రతా నిర్ణయాలకి ఇది పనికిరాదు. కెర్నల్ కాపీ చేసుకున్నాక ఉండే చోట ప్రోబ్ పెట్టడం మెరుగైనది. డూ-ఫిల్ప్-ఓపెన్‌కి రెండో ఆర్గ్యుమెంట్ స్ట్రక్ట్ ఫైల్‌నేమ్, దాని మొదటి ఫీల్డే పేరుకి పాయింటర్. సున్నా ఆఫ్‌సెట్ రెండుసార్లు డీరిఫరెన్స్ చేసి స్ట్రింగ్ టైపు ఇస్తే, కెర్నల్ నిజంగా వాడబోయే పేరే దొరుకుతుంది. స్ట్రక్చర్ అమరిక మీ కెర్నల్‌లో అదేనా అని బీటీఎఫ్‌లో (కెర్నల్ టైపుల వివరాలుండే డేటా) చూసుకోండి.

బీపీఎఫ్ హెల్పర్ తిరిగిచ్చే పొడవులో చివరి సున్నా కూడా కలిసి ఉంటుంది, ఖాళీ స్ట్రింగ్‌కి 1 వస్తుంది. బఫర్ పరిమాణమంతా తిరిగొస్తే స్ట్రింగ్ సరిగ్గా పట్టిందో, తెగిపోయిందో చెప్పలేం. బీపీఎఫ్ ప్రోగ్రామ్‌ని నడిపేముందు సరిచూసే వెరిఫయర్‌ని ఒప్పించడానికి ఆ పొడవుని 4095తో మాస్క్ చేసేవాళ్లు జాగ్రత్తపడాలి. 4096 వస్తే మాస్క్ తర్వాత సున్నా మిగులుతుంది, అన్నిటికంటే పొడవైన పేరే ఖాళీగా బయటికెళ్తుంది. మాస్క్‌కి ముందు ఒకటి తీసేసి, తర్వాత ఒకటి కలపండి. స్టాక్ 512 బైట్లే కాబట్టి పెద్ద బఫర్‌ని పర్-సీపీయూ అర్రే మ్యాప్‌లో పెట్టాలి. ఆ బఫర్ మళ్లీ మళ్లీ వాడేది, సున్నా తర్వాత పాత స్ట్రింగ్ తోక మిగిలే ఉంటుంది. ప్రింట్ చేస్తే తెలియదు. దాన్ని హ్యాష్ మ్యాప్‌కి కీగా ఇస్తే ఒకే పేరు రెండు వేర్వేరు ఎంట్రీలుగా లెక్కపడుతుంది. యూజర్ స్ట్రింగ్ కాపీ చేసే ఫంక్షన్ మెషీన్ వర్డ్ చొప్పున కాపీ చేస్తూ సున్నా దాటిన చెత్త బైట్లని కూడా రాయడం వల్ల ఇదే తంటా కెర్నల్‌లోనూ ఉండేది. 2020 చివర్లో సరిచేశారు. కానీ ఆ వర్డ్ అవతలి బైట్లు మన బాధ్యతే. కీగా వాడేముందు బఫర్‌ని పూర్తిగా సున్నా చెయ్యాలి.

ఇతరుల ఈవెంట్ మీద ఆధారపడేముందు ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లో దాని ఫార్మాట్ ఫైల్ తెరిచి చూడండి. డేటా-లాక్ క్యార్ అర్రే అని ఉంటే స్ట్రింగ్ ఈవెంట్‌లోనే ఉంది. కాన్స్ట్ క్యార్ పాయింటర్ అని ఉంటే ఆ అడ్రస్ ఎక్కడిదో సోర్స్‌లో వెతకాలి. మీ సొంత ఈవెంట్ అయితే మెమరీ తప్పులని పట్టే కేఏఎస్‌ఏఎన్ పెట్టి కెర్నల్ కట్టండి. ఈవెంట్ ఆన్ చేసి, నడిపించి, ఆ పేరు గల వస్తువుని తొలగించి, తర్వాతే ట్రేస్ చదవండి. తొలగించకముందే చదివితే టెస్ట్ చేసినట్టు కాదు. మాడ్యూల్‌ని తొలగించి చూసి మాత్రం సరిపెట్టుకోవద్దు. ఆ మాడ్యూల్ ఈవెంట్లు ఆన్ అయి ఉంటే కెర్నల్ రింగ్ బఫర్‌నే తుడిచేస్తుంది, మీకు ఖాళీ ట్రేస్ కనిపించి తప్పు దాగిపోతుంది.