బ్లూరే డిస్కులో ఆ పదోవంతు మిల్లీమీటరు

బంధువుల ఇళ్లలో మిగిలిపోయిన పెళ్లి డిస్కులను హార్డ్ డిస్కులోకి ఎక్కించే పని మీద, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పాత బ్లూరే డ్రైవ్ కొన్నాను. డీవీడీ కంటే ఇందులో ఇంత ఎక్కువ ఎలా పడుతుందని అడిగితే, "నీలం లేజర్ కదా సార్" అన్నాడు దుకాణదారు. ఆ జవాబులో నిజముంది, కానీ లెక్క వేసి చూస్తే అది పూర్తి జవాబు కాదు.

డీవీడీ లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, బ్లూరేది 405 (నిజానికి అది నీలం కాదు, ఊదా). కాంతిపుంజాన్ని ఎంత సన్నని చుక్కగా కూడగట్టగలమన్నది తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది గనుక, లేజర్‌ను మాత్రమే మార్చి ఊరుకుంటే చుక్క వైశాల్యం సుమారు 2.6 రెట్లు తగ్గి, డీవీడీలోని 4.7 గిగాబైట్లు 12 దాకా పెరుగుతాయి. బ్లూరేలో సమాచారం రాసే ఒక్క పొరలోనే 25 పడతాయి. మిగిలిన రెట్టింపు లెన్స్ వల్ల వచ్చింది. కాంతిని ఎంత వెడల్పు కోణంలో కూడగట్టగలదో చెప్పే న్యూమరికల్ అపర్చర్ డీవీడీ లెన్స్‌కు 0.60 అయితే బ్లూరే లెన్స్‌కు 0.85. అందువల్లనే సర్పిలాకారపు ట్రాకు వరుసల మధ్య దూరం 0.74 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) నుంచి 0.32కు తగ్గింది, ట్రాకులో సమాచారాన్ని మోసే గుంతల్లో అతి చిన్నదాని పొడవు 0.15 మైక్రాన్లకు దిగింది.

అయితే అంత వెడల్పు కోణంలో వచ్చే కాంతికి డిస్కు ఏమాత్రం వాలినా చుక్క చెదిరిపోతుంది. ఈ దోషం అపర్చర్ ఘనానికీ, కాంతి దాటవలసిన ప్లాస్టిక్ మందానికీ అనులోమంగా పెరుగుతుంది. అపర్చర్ తగ్గించే వీలు లేదు కాబట్టి మందాన్నే తగ్గించారు: సీడీలో 1.2 మిల్లీమీటర్లు, డీవీడీలో 0.6 ఉన్న ఆ పైపొర బ్లూరేలో కేవలం 0.1. బ్లూరేకు పోటీగా వచ్చి, ఇదే 405 నానోమీటర్ల లేజర్‌ను వాడిన హెచ్‌డీ డీవీడీ పాత 0.6 మిల్లీమీటర్ల పొరను అట్టే పెట్టుకొని, 0.65 అపర్చర్‌తో సరిపెట్టుకుంది. అందుకే దాని ఒక్కో సమాచార పొరలో 15 గిగాబైట్లే పట్టాయి. 2008 ఫిబ్రవరిలో తోషిబా దానిని విరమించుకోవడానికి వ్యాపార కారణాలు చాలా ఉన్నాయి గానీ, సాంకేతికంగా నాకు బ్లూరే వారి సాహసమే నచ్చింది.

సాహసం అనడానికి కారణముంది. దూరపు వస్తువును చూస్తున్నప్పుడు కళ్లద్దాల మీది మరక ఎలా కంటికి ఆనదో, సీడీ, డీవీడీల ఉపరితలం మీది గీత లేజర్‌కు అలా పెద్దగా అడ్డు రాదు. డీవీడీ ఉపరితలం దగ్గర పుంజం అర మిల్లీమీటరు వెడల్పుంటుంది. బ్లూరేలో అది దాదాపు 0.13 మిల్లీమీటర్లే కాబట్టి, మన హైదరాబాద్ దుమ్ములో ఒక రేణువు చాలు, దారిని మూసేయడానికి. 2003లో జపాన్‌లో వచ్చిన తొలి డిస్కులను ఈ భయంతోనే ప్లాస్టిక్ పెట్టెలలో బిగించి అమ్మారు. గీతలు పడని గట్టి పూత వచ్చాక ఆ పెట్టె అవసరం తీరింది. దానికి తోడు, ప్రతి 216 బైట్ల సమాచారానికి 32 అదనపు బైట్లు చేర్చి, వాటన్నిటినీ 64 కిలోబైట్ల ఖండమంతటా చెదరగొట్టి రాస్తారు. ఒకచోట గీత పడితే ఒక్కో 216 బైట్ల జట్టులో కొన్ని బైట్లు మాత్రమే పోతాయి, వాటిని లెక్క కట్టి తిరిగి రాబట్టవచ్చు. ట్రాకు వెంబడి పొడవాటి గీత పడకుండా, డిస్కును గుండ్రంగా కాక మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవమనడం కూడా ఇందుకే.

ఇంత చేసినా, కుదించని 1920×1080 వీడియో సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 25 గిగాబైట్లలో మూడు నిమిషాలైనా పట్టదు. అందుకే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మారినదాన్నే ప్రధానంగా నమోదు చేసే హెచ్.264 వంటి పద్ధతులు అవసరమయ్యాయి. బ్లూరే సినిమాలో వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల వరకు అనుమతి ఉంది. పంతులుగారు మంత్రం చదువుతున్న దృశ్యానికి అందులో కొంత చాలు. తలంబ్రాల దగ్గర అసలు పరీక్ష ఎదురవుతుంది: వందల గింజలు ఫ్రేముకొక చోట ఉంటాయి, ముందు ఫ్రేము నుంచి ఊహించగలిగేది తక్కువ. ఐదు గంటల పెళ్లిని ఒకే 25 గిగాబైట్ల డిస్కులో ఇరికించాలంటే సగటున సెకనుకు 11 మెగాబిట్లే మిగులుతాయి. నేను ఎక్కించుకున్న వాటిలో ఒకదానిలో సరిగ్గా తలంబ్రాల దగ్గరే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగింది. ఆ డిస్కు మీద ఒక్క గీత కూడా లేదు.