ప్రశ్న చక్రంలో నాలుగో ఇల్లు

ప్రశ్న చెప్పించుకోవడం అనగానే మన ఊళ్లలో ముందుగా గుర్తొచ్చేది పోయిన వస్తువు. గొలుసు పోయింది, గేదె తప్పిపోయింది, దస్తావేజు ఎక్కడ పెట్టామో కనపడటం లేదు. దీనికి జాతకం అక్కర్లేదు, పుట్టిన టైమ్ తెలియకపోయినా ఫరవాలేదు. అడిగిన క్షణానికి లగ్నం కట్టి, చక్రం గీసి, దాన్ని చూసి చెప్పేస్తారు. ఇంత సులువుగా ఉంది కాబట్టే ప్రశ్న శాస్త్రం ఇన్ని వందల ఏళ్లు నిలిచింది. చులకనైందీ అందుకే. గొలుసు దొరికితే సిద్ధాంతి గారు గొప్పవాడు, దొరక్కపోతే శాస్త్రమే అబద్ధం. ఆ గొడవలో చక్రంలో లగ్నం నుంచి వరసగా లెక్కపెట్టే పన్నెండు ఇళ్లు అసలేమిటో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

వరాహమిహిరుడి కొడుకు పృథుయశస్సు ఈ శాస్త్రం మీద 56 శ్లోకాల చిన్న పుస్తకం రాశాడు, షట్పంచాశిక అని. మొదటి శ్లోకంలో సూర్యుడికి తలవంచి మొక్కి, పరుల మేలు కోసం చెబుతున్నానంటాడు. ఆ తర్వాత పీఠికలేమీ పెట్టుకోడు. రెండో శ్లోకంలోనే సూటిగా విషయంలోకి దిగుతాడు:

చ్యుతిర్విలగ్నాద్ధిబుకాచ్చ వృద్ధిర్
మధ్యాత్ప్రవాసోఽస్తమయాన్నివృత్తిః ।
వాచ్యం గ్రహైః ప్రశ్నవిలగ్నకాలాద్
గృహం ప్రవిష్టో హిబుకే ప్రవాసీ ॥

ఉన్న చోటు నుంచి కదలడం లగ్నాన్ని బట్టి, వృద్ధి నాలుగో ఇంటిని బట్టి, పరదేశంలో ఉండటం పదో ఇంటిని బట్టి, తిరిగి రావడం ఏడో ఇంటిని బట్టి చెప్పాలి. ప్రశ్న అడిగిన వేళకు లగ్నం కట్టి, అక్కడున్న గ్రహాలతో ఇదంతా చూడాలి. గ్రహం నాలుగింట ఉంటే మాత్రం, ఊరు విడిచి వెళ్లినవాడు ఇంటికి చేరిపోయాడనే చెప్పాలి. హిబుకం అంటే నాలుగో స్థానమే.

ఈ శ్లోకం మీద నాకు ఎందుకింత ఇష్టమో చెప్పాలంటే ఒకసారి ఆరుబయటకు రావాలి. లగ్నమంటే ఆ క్షణాన తూర్పున నేలకు ఆనుకుని పైకి వస్తున్న రాశి. ఏడో ఇల్లు సరిగ్గా దానికెదురుగా పడమటి అంచు. పదో ఇల్లు నడినెత్తి. నాలుగోది మన కాళ్ల కింద, భూమికి అవతలి వైపు, కంటికి కనపడని ఆకాశం. రాశులు రోజంతా తిరుగుతూనే ఉంటాయి, ఒక్కోటి తూర్పున ఉదయించడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. ఇళ్లు మాత్రం మనల్ని పట్టుకుని ఉంటాయి. మనం ఎక్కడ నిలబడితే అదే మధ్య. రాశి ఆకాశానిది, ఇల్లు అడిగేవాడిది అని నేను గుర్తుపెట్టుకుంటాను.

ఇప్పుడు సూర్యుణ్ణి ఈ నాలుగు చోట్లా పెట్టి శ్లోకం మళ్లీ చదవండి. పొద్దున లగ్నంలో ఉంటాడు: మనుషులు ఇల్లు కదిలే వేళ. మధ్యాహ్నం పదింట: అందరూ పొలంలోనో ఆఫీసులోనో ఉంటారు, ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రం ఏడింట: పశువులూ మనుషులూ ఇంటి దారి పట్టే వేళ. అర్ధరాత్రి నాలుగింట: అందరూ ఇంట్లోనే. చ్యుతి, ప్రవాసం, నివృత్తి, గృహప్రవేశం. పృథుయశస్సు ఇలా ఆలోచించే రాశాడని నేననను. కానీ ఒక్క రోజు పొద్దును గమనించినా ఈ శ్లోకం కంఠస్థం అయిపోతుంది.

మన నిత్యకర్మా ఈ బిందువుల చుట్టూనే అల్లుకుంది. సంధ్యావందనంలో పొద్దున తూర్పుకు తిరిగి అర్ఘ్యం, సాయంత్రం పడమరకు తిరిగి అర్ఘ్యం, మాధ్యాహ్నికంలో చేతులెత్తి సూర్యుణ్ణి చూస్తూ ‘పశ్యేమ శరదశ్శతమ్’ అని నూరేళ్ల చూపు అడుగుతాం. లగ్నం, అస్తమయం, మధ్యం, మూడూ అయ్యాయి. నాలుగోదానికి మామూలు గృహస్థు రోజూ చేసే అర్ఘ్యమేమీ లేదు. అయితే అర్ధరాత్రిని దేవుళ్లు తమ కోసం ఉంచుకున్నారు. శివరాత్రి లింగోద్భవ కాలం అప్పుడే, కృష్ణుడు పుట్టిందీ అప్పుడే. లగ్నాది కేంద్రాలైన ఈ నాలుగింటినీ విష్ణు స్థానాలనీ, ఒకటి అయిదు తొమ్మిదిని లక్ష్మీ స్థానాలనీ మన జ్యోతిష్కులు అంటారు. లగ్నం ఇద్దరిదీ. అడిగేవాడు నిలబడ్డ చోటే అమ్మవారూ స్వామీ కలిసి ఉంటారన్నమాట.

పన్నెండు ఇళ్ల పేర్లూ పంచాంగం చూసే ఎవరికైనా తెలిసినవే: తను, ధన, భ్రాతృ, మాతృ, పుత్ర, శత్రు, కళత్ర, ఆయుర్, భాగ్య, రాజ్య, లాభ, వ్యయ భావాలు. జాతకంలో ఇవి జీవితాంతం ఉండే సంగతులు. ప్రశ్నలో అడిగిన విషయాన్ని బట్టి వేషం మారుస్తాయి. తగాదా ప్రశ్న అయితే లగ్నం మనం, ఏడు ఎదుటి పక్షం. పెళ్లి ప్రశ్న అయితే అదే ఏడు పెళ్లికూతురో పెళ్లికొడుకో. దొంగతనమైతే అదే ఏడు దొంగ! రోగం గురించి అడిగితే ఒక పద్ధతిలో లగ్నం వైద్యుడు, ఏడు రోగం, పది రోగి, నాలుగు మందు. మందు ఎక్కడుందో చూడండి.

కేరళలో ఇంకో అడుగు ముందుకేసి గుడికే ప్రశ్న పెడతారు. దేవప్రశ్నం అంటారు. దీపం వెలిగించి, అద్దం, బంగారం, పాలు, పెరుగు, పండ్లు, గ్రంథం, తెల్లని వస్త్రం లాంటి మంగళ ద్రవ్యాలు ముందు పెట్టి, గవ్వలతో చూస్తారు. అప్పుడు లగ్నం నుంచి బింబంలోని సాన్నిధ్యం, రెండు నుంచి ఆలయ ధనం, పది నుంచి నిత్యపూజ చూస్తారు. నాలుగు ఆలయ కట్టడం. దేవుడికీ నాలుగో ఇల్లే ఇల్లు.

ఇక మన వైపు సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లినవాళ్లు వేల మంది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లలో ఆడవాళ్లూ ఎక్కువే. షట్పంచాశికలో ప్రవాసచింత అని ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయానికి ఈ ఊళ్లలో ఇంకా పని తగ్గలేదు. “అయ్యగారూ, మా కొడుకు మస్కట్ వోయి మూడేండ్లాయె, ఎప్పుడస్తడో జెర సూడుండ్రి” అని ఒక తల్లి రెండు అరటిపండ్లు, తమలపాకులు ముందు పెట్టి అడుగుతుంది. ఆయన గోడ గడియారం చూసి, పంచాంగం తిరగేసి, నోటుబుక్కులో చతురస్రం గీస్తాడు. పైన ఎడమ మూల మీనం, పక్కన మేషం, అలా చుట్టూ పన్నెండు గదులు. లగ్నం పడ్డ గదిలో ‘ల’ అని రాసి, ర, చం, కు, బు అని గ్రహాలు దించుకుంటూ పోతాడు. ముందు అది చరరాశా, స్థిరరాశా చూస్తాడు. మేషం, కర్కాటకం, తుల, మకరం అయితే కదలిక ఉంది. వృషభం, సింహం, వృశ్చికం, కుంభం అయితే ఇప్పట్లో కదిలేలా లేడు. మిగతా నాలుగూ అటూ ఇటూ. తర్వాత పెన్సిల్ ‘ల’ నుంచి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి నాలుగో గది మీద ఆగుతుంది. ఆ తల్లికి అందులో అక్షరాలు అర్థం కావు. అయినా ఆ గదినే చూస్తుంది.

ఈమధ్య ఈ ప్రశ్న తగ్గి వేరే ప్రశ్న పెరిగింది: “వీసా వస్తుందా?” దానికి తొమ్మిది, పన్నెండు ఇళ్లు చూస్తారు, ఉద్యోగం కోసం పది చూస్తారు. స్లాట్ దొరికిందా, స్టాంపింగ్ అయిందా అన్న టెన్షన్‌లో నాలుగో ఇంటి గురించి అడిగేవాళ్లు తక్కువ. పాత పుస్తకం వెళ్లినవాడు వస్తాడా అని కంగారుపడింది, మనం ఉన్నవాడు వెళ్తాడా అని కంగారుపడుతున్నాం. వెళ్లడం తప్పని నేననను. అయితే పైన శ్లోకంలో వృద్ధి అన్న మాట పదో ఇంటికి పెట్టలేదు. నడినెత్తిన వెలిగే చోటు, రాజ్యస్థానం, నలుగురూ చూసే చోటు అది. దానికి ఇచ్చింది ప్రవాసం. వృద్ధిని తీసుకెళ్లి ఎవరికీ కనపడని పాదాల కింద పెట్టాడు. అమ్మ, ఇల్లు, భూమి, నీళ్లు, సుఖం అన్నీ ఆ గదిలోవే. రాశిచక్రాన్నే ఒక మనిషిగా ఊహించుకున్న కాలపురుషుడి శరీరంలో నాలుగో రాశికి చెప్పిన అవయవం హృదయం. హృదయంలోని ఆ చిన్న ఆకాశంలోనే వెతకమని ఉపనిషత్తూ అంది కదా. విత్తనం మొలిచేదీ నేల కిందే.

పదో ఇల్లు ప్రవాసం అన్నప్పుడల్లా నాకు రాముడు గుర్తొస్తాడు. వాల్మీకి చెప్పిన ప్రకారం కర్కాటక లగ్నం, గ్రహాలు అయిదు ఉచ్చలో, అంటే తమకు ఎక్కువ బలమిచ్చే రాశుల్లో. సూర్యుడికి ఉచ్చ మేషం, కర్కాటకానికి అది పదోది. మిట్టమధ్యాహ్నం పుట్టినవాడు పద్నాలుగేళ్లు అడవుల్లో తిరిగాడు! ప్రశ్న శ్లోకాన్ని జాతకానికి అతికించకూడదని తెలుసు, పండితులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా ఆ పోలిక మనసులోంచి పోదు. భద్రాచలంలో నవమి నాడు కల్యాణం అభిజిత్ లగ్నంలో చేస్తారు. అభిజిత్ అంటేనే సూర్యుడున్న రాశి నుంచి నాలుగోది లగ్నం కావడం, అంటే సూర్యుడు పదింట ఉండటం. పక్కనే పర్ణశాల. వనవాసంలో స్వామి కుటీరం కట్టుకుని ఉన్నాడని మనవాళ్లు నమ్మే చోటు. అయోధ్య ఎక్కడో ఉంది, మన రాముడు మాత్రం ప్రవాసంలో తిరిగిన ఒడ్డునే, ప్రవాసం చెప్పే మధ్యాహ్నపు వేళకే ఏటా పెళ్లికొడుకు అవుతాడు. ఆ ఎండలో తలంబ్రాల కోసం చేతులు చాచే జనంలో, కొడుకో కూతురో దూరదేశంలో ఉన్నవాళ్లు ఎందరుంటారో.

నరసింహ స్వామి మాత్రం అస్తమయాన్ని ఎంచుకున్నాడు. పగలు కాదు రాత్రి కాదు, గడప మీద. శాస్త్రం నివృత్తి అన్న ఏడో ఇల్లే అది, వ్యవహారం తేలిపోయే చోటు. యాదగిరిగుట్టకో అహోబిలానికో వెళ్లినప్పుడు సాయంత్రం వేళ ఈ సంగతి తలుచుకోవచ్చు.

ప్రశ్న అడగడానికీ ఒక పద్ధతి ఉంది. ఉత్తి చేతులతో వెళ్లరు, పండూ తాంబూలమూ తీసుకెళ్తారు. పరీక్ష పెట్టడానికి అడగకూడదు, మనసులో నలుగుతున్న ఒక్క విషయమే అడగాలి, ఇష్టమైన జవాబు రాలేదని ఇంకో సిద్ధాంతి దగ్గర అదే ప్రశ్న తిరగేసి అడగకూడదు. ఇవి సిద్ధాంతి గారి మర్యాద కోసం పెట్టినవని చాలామంది అనుకుంటారు. నాకైతే ఇవి దేవుడి ముందు నిలబడే పద్ధతికి దగ్గరగా కనిపిస్తాయి. లగ్నం అడిగేవాడిదే కాబట్టి, ఆ క్షణంలో మనసు ఎలా ఉందో చక్రమూ అలాగే పుడుతుందని నమ్మకం. మనసులో ఒకటి పెట్టుకుని నోటితో ఒకటి అడిగితే ఏ ఇల్లు చూడాలో చెప్పేవాడికి ఎలా తెలుస్తుంది?

వేరేవాళ్ల కోసం అడిగినప్పుడు లెక్క కొంచెం మారుతుంది. కొందరు శ్లోకంలో ఉన్నట్టు లగ్నం నుంచే నాలుగు, ఏడు, పది చూస్తారు. కొందరు ఎవరి గురించి అడిగారో ఆ మనిషి ఇంటిని లగ్నంగా పెట్టుకుని మళ్లీ లెక్కపెడతారు. తల్లి అడిగితే కొడుకు అయిదో ఇల్లు, అక్కడి నుంచి నాలుగోది ఎనిమిది. భార్య అడిగితే భర్త ఏడో ఇల్లు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది: అతని నాలుగో ఇల్లు ఆమెకు పదోది. ఆమె చక్రంలో ప్రవాసం అని రాసిన గదే అతని చక్రంలో ఇల్లు. ఈ రెండో లెక్క శ్లోకంలో లేదు, పెద్దలు వేరే చోట చెప్పిన భావాత్ భావం పద్ధతి ఇది. నేను మాత్రం రెండూ వేసి చూడమనే అంటాను. మొదటి లెక్కలో కనపడని మనిషి ఒక్కోసారి రెండో లెక్కలో ఇంటికి చేరి ఉంటాడు.